పాత ఆట – పాత బాకీ

సంచికకు ఏదైనా వ్రాయమని విద్యార్థి మిత్రులు అడిగినప్పుడు, నేను చదివిన ఇంజనీరింగు గురించో, చేస్తున్న ఉద్యోగం గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. వాటి మీద నాకంటే బాగా వ్రాయగలవారు ఈ సంచికలోనే నలుగురైదుగురు ఉంటారు కనుక ఆ పని వారికే వదిలేస్తున్నాను. నేను వ్రాయబోయేది ఒక కంప్యూటరు ఆట గురించి. అధ్యాపక మహాశయులు దయచేసి పేజీ తిప్పెయ్యకండి. ఇందులో ఇనుము ఉంది, బొగ్గు ఉంది, ఓటింగు ఉంది, కాస్త లెక్కలూ ఉన్నాయి. నేను చేసిన ఒక తప్పుడు పని కూడా ఉంది.

ఆట పేరు రూన్‌స్కేప్. ఇంగ్లండులో ఆండ్రూ గోవర్ అనే కుర్రాడు, తన సోదరుడి సాయంతో తయారుచేసి 2001 జనవరి 4న జనం ముందు పెట్టాడు. తరువాత కేంబ్రిడ్జిలోని జాగెక్స్ అనే కంపెనీ దాన్ని నడుపుతూ వస్తున్నది. ఇలాంటివాటిని ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటలంటారు. రోల్ ప్లేయింగ్ అంటే వేషం కట్టడమే. వీధి నాటకంలో వేషం కట్టినవాడు తెల్లారేసరికి రంగు కడుక్కొని ఇంటికి పోతాడు, తెర కట్టిన గుంజలు పీకేస్తారు. ఇక్కడ అలా కాదు. మనం ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నా నాటకం నడుస్తూనే ఉంటుంది. వేలమంది ఒకే ఊళ్లో వేషాలతో తిరుగుతూ ఉంటారు. మర్నాడు మనం వెళ్లేసరికి నిన్న ఎక్కడ వదిలామో అక్కడే మన వేషం నిలబడి ఉంటుంది, సంచీలో నిన్నటి సామానుతో సహా.

ఈ జాతి ఆటలకు మూలపురుషుడు ఒక విశ్వవిద్యాలయంలోనే పుట్టాడని తెలిస్తే మన పాఠకులు సంతోషిస్తారు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మొదలుపెట్టగా రిచర్డ్ బార్టిల్ అనే మరో విద్యార్థి పూర్తిచేసిన ‘మడ్’ అనే ఆటే దీనికి తాత. అందులో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. చదువుకోమని ఇచ్చిన కంప్యూటరుతో విద్యార్థులు ఏం చేస్తారన్నది ఏ దేశంలోనైనా ఒకటే కథ కాబోలు.

నేను ఇక్కడ ఇంజనీరింగులో చేరింది 2004లో. సిరిపురం దగ్గర ఒక నెట్ సెంటరుండేది. గంటకు 20 రూపాయలు. అక్కడ కుర్రాళ్లు రెండు తెగలు. ఒక తెగవారు కౌంటర్ స్ట్రైక్ పెట్టుకొని, ఆ గదిలోవాళ్లే ఒకరినొకరు కాల్చుకుంటూ, పేర్లు పెట్టి అరుచుకుంటూ ఉండేవారు. రెండో తెగ మాది, ఇద్దరమే. నేనూ, మా ఉక్కునగరం వాడూ. అతని అసలు పేరు ఇక్కడ వ్రాయడం లేదు, వాడికి ఇష్టం ఉండదు. స్టీల్ ప్లాంటు క్వార్టర్సు నుంచి రోజూ బస్సులో వచ్చి చదివేవాడు కనుక క్లాసులో అందరికీ వాడు ‘ఉక్కునగరం వాడే’.

విశాఖపట్నంలో కూర్చుని ఇంగ్లండులోని యంత్రంతో ఆడటం ఎలా సాధ్యమైందన్నది చెప్పవలసిన విషయం. అప్పట్లో మన దగ్గర తీగ సన్నం, వేగం తక్కువ. ఇక్కడ మనం మీట నొక్కితే ఆ కబురు అక్కడికి పోయి జవాబు తిరిగి రావడానికి సెకనులో మూడోవంతో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో పట్టేది. తుపాకీ ఆటల్లో ఆ మూడోవంతులో మనిషి చచ్చి ఊరుకుంటాడు. రూన్‌స్కేప్ అలాంటిది కాదు. ఆ ఆటలో కాలం గడియారంలా టిక్ టిక్‌మని నడుస్తుంది, ఒక్కొక్క టిక్కు 0.6 సెకను. నడవడమైనా, కత్తి దూయడమైనా, చేప పట్టడమైనా ఆ టిక్కుల లెక్కనే జరగాలి. కనుక మన ఆజ్ఞ కాస్త ఆలస్యంగా చేరినా, టిక్కు దాటకపోతే లండన్ వాడికీ మనకూ పెద్దగా తేడా ఉండదు. ఇంకో సుగుణం, దానికి సీడీ అక్కర్లేదు, కంప్యూటరులో ఎక్కించనక్కర్లేదు, బ్రౌజరులోనే తెరుచుకునేది. నెట్ సెంటరు యజమాని ఏదీ ఎక్కించనివ్వడు కదా. పైగా డబ్బు కట్టకుండానే ఆడుకోడానికి ఆటలో చాలా భాగం వదిలారు. బీదవాడి ఆట అన్నమాట.

ఆటలో ఏం చేస్తారు అంటే... పని చేస్తారు. నవ్వకండి, నిజం. లమ్‌బ్రిడ్జ్ అనే ఊళ్లో, కోట పక్కన, చేతిలో చిన్న గొడ్డలీ నాలుగు కంచు సామాన్లతో మిమ్మల్ని వదిలేస్తారు. చెట్టు కొట్టాలి, చేపలు పట్టాలి, గని తవ్వాలి, కొలిమి పెట్టాలి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క లెక్క, 1 నుంచి 99 దాకా మెట్లు. పని చేసిన కొద్దీ అనుభవం పాయింట్లు పడతాయి. ఈ మెట్ల లెక్క తమాషాగా ఉంటుంది. సుమారు ప్రతి ఏడు మెట్లకూ కావలసిన అనుభవం రెట్టింపవుతుంది. 99కి చేరాలంటే 1,30,34,431 పాయింట్లు కావాలి. 92కి చేరేటప్పటికి 65 లక్షల చిల్లర. అంటే 92వ మెట్టు మీద నిలబడినవాడు సరిగ్గా సగం దారిలో ఉన్నాడు! పీహెచ్‌డీ చేస్తున్న మిత్రులకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదనుకుంటాను.

2005లో బీఎస్ఎన్ఎల్ వారి డేటావన్ బ్రాడ్‌బాండు వచ్చింది. తరువాత కొన్ని పథకాల్లో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 గంటల దాకా ఎంత వాడినా లెక్కలోకి తీసుకోమన్నారు. మావాడి క్వార్టర్సులో ఆ కనెక్షనుండేది. శనివారం వచ్చిందంటే నేను అక్కడే. ఒకటిన్నరకు అలారం, రెండింటికి లాగిన్. ఇంగ్లండులో అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర, వేసవిలో తొమ్మిదిన్నర. వాళ్లు భోజనాలు చేసి ఆటకొచ్చే వేళ. కనుక మేం నిద్ర కళ్లతో వెళ్లేసరికి ఊరంతా కిటకిటలాడుతూ ఉండేది. వరాక్ అనే పట్టణంలో బ్యాంకు ముందు జనం నిలబడి ‘అమ్ముతాం, కొంటాం’ అని అరుచుకునేవారు. పూర్ణా మార్కెట్టులో తెల్లవారుజామున కూరగాయల పాట వినివచ్చిన మనిషిని నేను, నాకది కొత్తగా అనిపించలేదు.

మావాడి నాన్నగారు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ మీద పనిచేసేవారు. మన ఫర్నేసులకు నదుల పేర్లు పెట్టారు, మొదటిది గోదావరి, రెండవది కృష్ణ. తరువాత వచ్చిన మూడవది అన్నపూర్ణ. ‘నాన్నకి గోదావరిలో డ్యూటీ’ అని మొదటిసారి వాడన్నప్పుడు రాజమండ్రిలో ఉద్యోగం కాబోలు అనుకున్నాను. ఆయన సీ షిఫ్టు చేసి తెల్లవారి ఆరు దాటాక ఇంటికి వచ్చేసరికి మేమింకా తెరకు అతుక్కునే ఉండేవాళ్లం. ఒకరోజు టీ గ్లాసు పట్టుకొని మా వెనక నిలబడి చూశారు. మేం కొలిమి దగ్గర ఉక్కు కడ్డీలు పోస్తున్నాం.

‘‘ఏటర్రా ఇది?’’

‘‘ఉక్కు చేస్తున్నాం బాబాయ్. ఒక ఇనుప రాయికి రెండు బొగ్గు రాళ్లు.’’

‘‘బొగ్గు తిన్నగా ఏసేస్తారా? కోక్ చెయ్యరా? సున్నపురాయేదిరా?’’

సున్నపురాయి లేదన్నాం. ఆయన టీ తాగడం ఆపేసి, అలసిపోయిన మనిషి కూడా, మాకు అరగంట పాఠం చెప్పారు. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ చేస్తారు. ఖనిజం, కోక్, సున్నపురాయి పైనుంచి పోస్తే కింద నుంచి వేడిగాలి కొడుతుంది. సున్నపురాయి ఖనిజంలోని మట్టీ ఇసుకా పట్టుకొని స్లాగ్ అయి పైకి తేలుతుంది. కింద దిగేది ఉక్కు కాదు, వేడిలోహం. దాంట్లో కార్బన్ నూటికి నాలుగు పాళ్ల వరకూ ఉంటుంది, అలా ఉంటే పెళుసు. కన్వర్టరులో ఆక్సిజన్ ఊది ఆ కార్బన్ తీసేస్తే అప్పుడు ఉక్కు. అంతా చెప్పి, ‘‘మరి ఇనుము ఒక్కటే కరిగిస్తే?’’ అనడిగారు. సగం సార్లు రాయి పాడైపోతుంది బాబాయ్, ఆటలో రూలది, అన్నాం. ‘‘సగం పాడైతే మా జీఎం ఊరుకుంటాడేటి!’’ అని నవ్వుతూ పడుకోడానికి వెళ్లిపోయారు.

ఆయన ముందు అప్పుడు చెప్పలేకపోయాను గాని, ఆ ఆట లెక్క మరీ తప్పేమీ కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పూర్వం మూసల్లో ఇనుముతోపాటు ఆకులు, కర్ర వంటివి పెట్టి మూతవేసి కాల్చి ఉక్కు చేసేవారు. అంటే ఇనుములోకి కార్బన్ ఎక్కించడం. డమాస్కస్ కత్తుల కోసం పశ్చిమాసియా వర్తకులు కొనుక్కుపోయింది ఆ సరుకే. ఇంగ్లీషులో దానికి ‘వూట్జ్’ అని పేరు. ‘ఉక్కు’ అన్న మన మాటే అలా మారిందని పండితులు చెబుతారు. అంటే ఆ ఇంగ్లీషు కుర్రాడి కొలిమి, మన ప్లాంటుకంటే కోనసముద్రానికి దగ్గర.

ఇక నా తప్పుడు పని.

ఆ ఆటలో డబ్బు కట్టనివాళ్లకు దొరికే అన్నిటికంటే మంచి కవచం రూన్ అనే నీలిరంగు లోహానిది. అది స్వయంగా చేసుకోవాలంటే కమ్మరంలో 99వ మెట్టు కావాలి. మా వల్ల కాదు. కొనుక్కోవాలి. మావాడు నెలల తరబడి కరంజా అనే దీవికి పడవలో పోయి, అదీ పడవకు 30 నాణేలిచ్చి, లాబ్‌స్టర్లు పట్టి, ఒడ్డుకు తెచ్చి అమ్మి, శిరస్త్రాణం, ఛాతీకవచం, కాళ్లకవచం, డాలు నాలుగూ కూడబెట్టాడు. అప్పటి ధరల్లో లక్ష నాణేలు దాటే సరుకు. ఒక్కొక్క లాబ్‌స్టరు 200 చొప్పున వేసుకొని లెక్కకట్టండి, ఎన్ని పట్టి ఉంటాడో. 2007 వేసవిలో ఒకరోజు అడిగాను, ఒక్క పూట వేసుకొని ఇస్తానురా అని. ‘‘తీసుకో’’ అన్నాడు. అడిగిన నిమిషంలో ఇచ్చాడు.

ఉత్తరాన వైల్డర్‌నెస్ అని ఒక ప్రాంతం ఉంది. ఒక కందకం దాటితే అక్కడ ఆటగాళ్లు ఒకరినొకరు చంపుకోవచ్చు. చచ్చినవాడికి తన సామానులో విలువైన మూడు మిగులుతాయి, తక్కినవి చంపినవాడివి. కాని ఒక మెలిక ఉంది. ఎదుటివాడు మనల్ని కొట్టకముందే మనం వాణ్ని కొడితే మన తల మీద ఒక పుర్రె బొమ్మ పడుతుంది. అప్పుడు చస్తే ఆ మూడూ కూడా మిగలవు. నేను ఆ నీలి కవచం వేసుకొని, సిరిపురంలో గంటకు 20 రూపాయలిచ్చి, కందకం దాటాను. ఎవడో బలహీనుడిలా కనబడ్డాడు. ముందు దెబ్బ నేనే వేశాను. వాడు బలహీనుడు కాడు.

లమ్‌బ్రిడ్జ్ కోట ముందు ఉత్త చేతులతో తేలాను. సరిగ్గా ఆ నిమిషానికే మావాడి సందేశం, ఎక్కడున్నావురా అని. ‘ఆగరా, వస్తున్నా’ అని కొట్టి లాగౌట్ అయిపోయాను. మర్నాడు క్లాసులో ఏం చెప్పానో తెలుసా? నిన్న మధ్యాహ్నం ఎవడో నా అకౌంటు హాక్ చేశాడురా, నెట్ సెంటరులో నా పాస్‌వర్డు ఎవడో పట్టేశాడు, సామానంతా పోయింది అని. వాడు కాసేపు ఏమీ అనలేదు. తరువాత ‘‘పోన్లేరా, పాస్‌వర్డు మార్చుకో’’ అన్నాడు.

అప్పటినుంచి నేను వాడికి తెలియకుండా బొగ్గు తవ్వాను, లాబ్‌స్టర్లు పట్టాను. ఆ డిసెంబరుకి నాలుగు సామాన్లూ కొన్నాను. కొత్త సంవత్సరానికి ఇద్దామనుకున్నాను. జనవరి 1న అందరితో కలిసి ఆర్కే బీచికి పోయాను. జనవరి 2న, అంటే 2008లో, ఆటలో రూలు మారిపోయింది. ఒకరి నుంచి ఒకరికి కొద్ది వేల నాణేల తేడాకు మించి ఏదీ చేతులు మారకూడదు. దొంగ క్రెడిట్ కార్డులతో అకౌంట్లు తెరిచి, ఆటలోని బంగారం పోగుచేసి బయట అసలు డబ్బుకు అమ్మే ముఠాలు బయల్దేరాయి. వాళ్లను ఆపడానికి కంపెనీ ఆ పని చేసింది. అంతకుముందు డిసెంబరులోనే వైల్డర్‌నెస్‌లో పాత పద్ధతి చంపుకోవడమూ తీసేశారు. ముఠాల మాటేమో గాని, నా బాకీ మాత్రం తీర్చలేని బాకీ అయింది.

నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. కవచం ఇవ్వడానికి వీల్లేదు కనుక అసలు సంగతి చెప్పే అవసరమూ లేదు. ఇంత చక్కని సాకు దొరికాక ఎవరు మాత్రం ఒప్పుకుంటారు? ఆ ఏడాదే చదువు అయిపోయింది. నేను హైదరాబాదు, అక్కణ్నుంచి పూనా. 2011 ఫిబ్రవరిలో ఆ రూలు ఎత్తేసి పాత వ్యాపారం మళ్లీ తెరిచారు. అప్పటికి నేను ఆట మానేశాను, వాడితో మాటా తగ్గిపోయింది. గొడవేం లేదు. ఫోన్ నంబర్లు మారాయి, అంతే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు నేను ఎంవీపీ కాలనీలో అమ్మానాన్నల దగ్గర చిక్కుపడ్డాను. అటక సర్దుతుంటే ఫ్లూయిడ్ మెకానిక్స్ నోట్సు దొరికింది. చివరి పేజీలో పెన్సిలుతో నా పాత పాస్‌వర్డు. ఆ రాత్రి ఆటకు తిరిగి వెళ్లాను. వెళ్లబోతే అక్కడ ఒక తలుపు కాదు, రెండు తలుపులున్నాయి. ఈ వ్యాసం వ్రాయాలనిపించింది నిజానికి ఈ రెండు తలుపుల కోసమే.

సంగతేమిటంటే, 2012 నవంబరులో కంపెనీ ఆటలో యుద్ధం చేసే పద్ధతి మొత్తం మార్చేసింది. చాలామంది అలిగి వెళ్లిపోయారు. పాత ఆట కావాలని గోల. కంపెనీ వెతికితే 2007 ఆగస్టు నాటి బ్యాకప్ ఒకటి దొరికింది. ఆ నెలలో ఉన్న ప్రపంచం మొత్తం, ఊళ్లూ, దారులూ, ధరలూ, దుకాణాలూ, భద్రంగా నకలు తీసి పెట్టింది. 2013 ఫిబ్రవరిలో ఓటింగు పెట్టారు, దీన్ని మళ్లీ తెరవమంటారా అని. నాలుగున్నర లక్షలకు దగ్గరగా ఓట్లు పడ్డాయి. ఓటింగు ఇంకా సాగుతుండగానే, ఫిబ్రవరి 22న తెరిచేశారు. దానికి ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ అని పేరు. మారుతూ వచ్చిన ఆట కూడా ఆగలేదు, మరో పేరుతో పక్కనే నడుస్తున్నది. మొదట్లో పాత ఆటకు చందా కట్టాల్సి వచ్చేది, 2015 నుంచి అందులోనూ ఉచిత భాగం పెట్టారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ బ్యాకప్ నుంచి ప్రపంచాన్ని తిరిగి నిలబెట్టారు గాని, అందులోని మనుషుల్ని నిలబెట్టలేదు. అందరూ మళ్లీ మొదటి మెట్టు నుంచి, ఉత్త చేతులతో రావలసిందే. మన పాత వేషం, పాత సంపాదన, పాత స్నేహితుల జాబితా ఉన్నది రెండో ఆటలో, మారిపోయిన ఆటలో. అంటే ఒక తలుపు తీస్తే ఊరు అదే, నువ్వు నువ్వు కాదు. రెండో తలుపు తీస్తే నువ్వు నువ్వే, ఊరు అది కాదు. రెండూ కలిసి ఒక్కచోట ఎక్కడా లేవు.

మొదట రెండో తలుపే తీశాను. లమ్‌బ్రిడ్జ్ నాకు దారి తెలియలేదు. కోట కోటలాగే ఉంది గాని చుట్టూ ఏవేవో మెరుపులు, గుర్తుల వరుసలు, మీటలు. పూనా నుంచి వచ్చినప్పుడల్లా మన ఊళ్లోనూ నాకిదే అనుభవం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయాక, చెట్లు లేని కొండల్ని చూసి, సిరిపురంలో ఏ మలుపు దగ్గర తిరగాలో ఒక్క క్షణం తడబడ్డాను. మా నెట్ సెంటరున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. సరే, ఆటలో బ్యాంకుకి పోయి నా పెట్టె తెరిచాను. పన్నెండేళ్ల కిందట పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, నాలుగు రూన్ కవచాలూ. ధర చూద్దును కదా, ఏమీ లేదు. 2019 జనవరిలో గనుల పనీ కమ్మరం పనీ తిరగరాసి, రూన్ లోహాన్ని మధ్యరకం సరుకు చేసేశారు. 99వ మెట్టు మీదున్నది 50వ మెట్టుకు దిగింది. వాడి లాబ్‌స్టర్లన్నీ, నా బొగ్గంతా ఇప్పుడు చిల్లర కింద లెక్క. స్నేహితుల జాబితాలో వాడి పేరు ఒక్కటే ఉంది. ఎర్రగా, లేడని.

తరువాత మొదటి తలుపు తీశాను. ఇక్కడ దారి వెతుక్కోనక్కర్లేకపోయింది. నది మీద వంతెన, ఆవుల దొడ్డి, పొలం పక్క నుంచి వరాక్‌కు పోయే బాట, చేతికి అన్నీ గుర్తున్నాయి. ఎక్కడ నొక్కాలో మనసు ఆలోచించకముందే వేలు నొక్కేస్తోంది. కాని పక్క నుంచి పరిగెత్తిపోయేవాళ్లలో నన్నెరిగినవాడు ఒక్కడూ లేడు, నేనెరిగినవాడూ లేడు.

ఇలాంటి పాత ఊళ్లు ఇంకా ఉన్నాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఇంకా పెద్ద ఆట 2004లో వచ్చింది. దాని పాత రూపం మళ్లీ తెరవమని జనం అడిగితే, అది కావాలని మీరు అనుకుంటున్నారు గాని నిజంగా అక్కర్లేదు అన్న ధోరణిలో ఆ కంపెనీ పెద్దలొకరు 2013లో జవాబిచ్చారు. 2019 ఆగస్టులో వాళ్లే తెరిచారు. తెరిచిన రోజు లోపలికి పోవడానికి గంటల తరబడి వరుసలు. అయితే ఆ పెద్దమనిషి మాట ఉత్త అబద్ధమూ కాదనిపిస్తుంది నాకు. పాత రూన్‌స్కేప్‌లో కొత్తది ఏది చేర్చాలన్నా ఆటగాళ్ల ఓటు కావాలని నియమం పెట్టారు, మొదట్లో నూటికి 75 మంది ఒప్పుకుంటేనే. అలా ఓట్లేసి జనం తెచ్చుకున్నవాటిలో ఒకటి ఏమిటో తెలుసా? 2007 నవంబరులో, అంటే బ్యాకప్ తీసిన మూడు నెలలకు, ఆటలోకి వచ్చిన కేంద్రీయ మార్కెట్టు. అది వచ్చాకే వరాక్ బ్యాంకు ముందు అరుపులు ఆగిపోయాయి. పాత రోజులు కావాలని వచ్చినవాళ్లే 2015లో ఓట్లేసి ఆ అరుపుల్ని మళ్లీ ఆపేశారు. గంటల తరబడి నిలబడి ‘లాబ్‌స్టర్లు అమ్ముతాం’ అని కొట్టడం ఎంత విసుగో తలుచుకోవడం వేరు, చెయ్యడం వేరు. నేనైనా ఆ ఓటే వేసి ఉందును.

వాడి నంబరు సంపాదించడానికి నాలుగు రోజులు పట్టింది. పోర్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాడట, గాజువాకలో ఇల్లు. ఫోను చేసి, ఎలా ఉన్నావు, పిల్లలెందరు, మాస్కులు దొరుకుతున్నాయా అన్నీ అయ్యాక అసలు సంగతి చెప్పాను. పదమూడేళ్ల కిందటి కందకం, పుర్రె బొమ్మ, అబద్ధం, అన్నీ.

‘‘తెలుసురా’’ అన్నాడు.

‘‘ఏం తెలుసు?’’

‘‘హాక్ చేసినోడు నాకు తెలుగులో ‘ఆగరా, వస్తున్నా’ అని పెడతాడేటి?’’

నేను నవ్వాననుకుంటారు. నవ్వలేదు. మరి అప్పుడే ఎందుకడగలేదురా అంటే, ‘‘నువ్వే సెప్తావనుకున్నాను. ఆ తరవాత నువ్వు పూనా ఎలిపోయావు’’ అన్నాడు. అందులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

కవచం ఇచ్చేస్తాను, రా, అన్నాను. వాడికి పాస్‌వర్డు గుర్తులేదు. వాడి నోట్సులు క్వార్టరు ఖాళీ చేసినప్పుడే తూకానికి పోయాయి. ఆ వేషం ఇక తెరుచుకోదు. నా బ్యాంకులో సరుకుంది, ఇవ్వడానికి రూలూ అడ్డులేదు, పుచ్చుకునే మనిషే ఆ తలుపు వెనక లేడు. కాసేపు ఆలోచించి, ‘‘అది వదిలీరా. ఫోన్లో వస్తాదా ఈ ఆట?’’ అనడిగాడు. వస్తుంది, 2018 అక్టోబరు నుంచి పాత ఆట సెల్‌ఫోన్లోనూ వస్తోంది.

అలా ఇద్దరం మళ్లీ లమ్‌బ్రిడ్జ్ కోట ముందు, మొదటి మెట్టు మీద, కంచు సామాన్లతో నిలబడ్డాం. అప్పట్లో రాత్రి రెండింటికి లేచేవాళ్లం, ఇప్పుడు పది దాటితే కళ్లు మూతపడుతున్నాయి. వారానికి ఒకటి రెండు పూటలు, అరగంట, ముప్పావుగంట. నేను పూనా తిరిగి వచ్చేసినా మానలేదు. ఫోన్లు చెవికి పెట్టుకొని మాట్లాడుకుంటూ ఆడతాం. మాటలే ఎక్కువ, ఆట తక్కువ. వాడి నాన్నగారు రిటైరై వాడి దగ్గరే ఉంటున్నారు. ఒకరోజు అల్ ఖరీద్ అనే ఎడారి ఊళ్లో కొలిమి దగ్గర ఉన్నాం. అక్కడ కొలిమికీ బ్యాంకుకీ దూరం తక్కువ, ఉక్కు పొయ్యడానికి అనువు. సంచీలో 28 గళ్లు. తొమ్మిది ఇనుము, పద్దెనిమిది బొగ్గు పెడితే 27, తొమ్మిది కడ్డీలు దిగుతాయి, ఒక గడి ఖాళీ.

ఫోన్లో వెనక నుంచి ఆయన గొంతు వినబడింది. ‘‘ఇంకా బొగ్గు తిన్నగానే ఏస్తన్నారట్రా?’’

‘‘అవును బాబాయ్’’ అన్నాను.

‘‘ఆ ఖాళీ గడిలోనైనా సున్నపురాయి పెట్టండిరా’’ అన్నారు.